అయస్కాంతంతో కదిలే అవయవ చిప్‌కు పేటెంట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పారదర్శకమైన సిలికాన్ రబ్బరు ముక్కలో సన్నని ఛానెళ్లు తీసి, వాటి మధ్య పొర మీద మనిషి కణాలను పెంచి, ఊపిరితిత్తిలోనో పేగులోనో జరిగినట్టు ఆ పొరను లయగా సాగదీసే పరికరాన్ని అవయవ చిప్ అంటున్నాం. ఆ కదలికను గాలి పంపుతో కాక అయస్కాంతంతో తెచ్చే చిప్‌ల పేటెంట్ పరీక్ష గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా చిప్‌లో పొరను సాగదీయడానికి వ్యాక్యూమ్ బదులు అయస్కాంతం వాడాం. పొర మధ్యలో నియోడిమియం పొడి కలిపిన సిలికాన్ బొడిపె ఉంటుంది. చిప్ కింద శాశ్వత అయస్కాంతం పైకీ కిందికీ కదులుతుంది. "వ్యాక్యూమ్ చిప్ ముందే ఉంది, అయస్కాంతంతో కదపడమూ ముందే ఉంది, రెండూ కలపడం ఆ రంగంలో ఎవరికైనా తట్టేదే" అని మొదటి పరీక్షా నివేదికలో రాశారు. ఇంకా అవకాశం ఉందా?
పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

ఉంది. అయితే మీరు పంపిన మొదటి క్లెయిమ్‌ను (దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాన్ని) ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టడం కష్టం. "కణాలను పెంచే పొర, దాన్ని కదిపే అయస్కాంత సాధనం గల అవయవ చిప్" అన్నారు. దరఖాస్తును పరీక్షించే పేటెంట్ ఆఫీసు అధికారి, అంటే ఎగ్జామినర్, చేతిలో ఉండే పత్రాలు ఎలాంటివో చూడండి. పది మైక్రాన్ల మందం పొరను రెండు పక్కల వ్యాక్యూమ్ గదులతో సాగదీసే ఊపిరితిత్తి చిప్ 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ పరిశోధన బృందానికే చెందిన అమెరికా పేటెంట్ 8,647,861 మంజూరై 2014 నుంచి ఉంది. ఇక మూసిన పాత్రలోని ద్రవాన్ని బయటి నుంచి అయస్కాంతంతో తిప్పడం 1944 నాటి అమెరికా పేటెంట్ 2,350,534లోనే కనిపిస్తుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని మీ క్లెయిమ్ చదివితే, తెలిసిన ఒక చోదకాన్ని తీసి తెలిసిన మరో చోదకాన్ని పెట్టారనే అనిపిస్తుంది. సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో, పనివాడు తన నైపుణ్యంతో చేసుకునే మెరుగుదలకు పేటెంట్ ఇవ్వడం కుదరదని చెప్పింది. ఎగ్జామినర్ అభ్యంతరం ఆ దారిలోనిదే.

కాబట్టి "వ్యాక్యూమ్ తీసేశాం" అన్న వాదన మానేయండి. అయస్కాంతం పెట్టగానే కొత్తగా వచ్చిపడిన చిక్కులేమిటి, వాటిని మీరు ఏ నిర్మాణంతో తీర్చారు అన్నదే అసలు బలం. పొర మొత్తానికీ ఇనుప పొడి కలిపితే రెండు నష్టాలు ఉన్నాయి: పొర నల్లబడి మైక్రోస్కోపు కింద కణాలు కనిపించవు, పొడి శాతం పెంచేకొద్దీ లాగే బలంతో పాటు పొర బిరుసుదనం కూడా పెరుగుతుంది. పక్కపక్కన చాలా చిప్‌లు పెడితే మరో సమస్య. 96 గుంటల ప్లేటులో గుంటల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే కనుక ఒక అయస్కాంతం పక్క గుంటలోని బొడిపెను కూడా కదుపుతుంది. శాశ్వత అయస్కాంతం బదులు విద్యుత్ చుట్ట వాడినవారికి వేడి ఇంకో తలనొప్పి. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర ఉండాల్సిన కణాలు రెండు మూడు డిగ్రీలు పెరిగినా వేరేగా ప్రవర్తిస్తాయి.

మీ బొడిపె మొదటి చిక్కును నేరుగా తీరుస్తోంది. అయస్కాంత పదార్థం మధ్యలో మాత్రమే ఉంది, చుట్టూ ఉన్న వలయం పారదర్శకంగా ఉంది, కణాలు ఆ వలయం మీద పెరుగుతున్నాయి, సాగేది కూడా ఆ వలయమే. ఇది క్లెయిమ్‌లోకి రావాలి. దరఖాస్తు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉండాలి. సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది: "పై ఛానెల్, కింది ఛానెల్ గల చిప్ దేహం, రెంటి మధ్య అంచులు బిగించిన, రంధ్రాలున్న పారదర్శక పొర, ఆ పొర మధ్యభాగానికి మాత్రమే అతికి ఉన్న, పొర మందం దిశలో అయస్కాంతీకరించిన బొడిపె, బొడిపెకూ బిగించిన అంచుకూ మధ్య, కణాలు ఆనుకునేలా పూత పూసిన, అయస్కాంత పొడి లేని వలయం, చిప్ దేహం బయట ఆ దిశలోనే కదిలే శాశ్వత అయస్కాంతం, కింది ఛానెల్ లోతు బొడిపె ప్రయాణ దూరం కన్నా ఎక్కువ."

"మందం దిశలో అయస్కాంతీకరించిన" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. కార్బొనిల్ ఇనుప పొడిలాంటి మెత్తని అయస్కాంత పదార్థం బయటి అయస్కాంతం వైపు లాగబడటమే తప్ప, వెనక్కి నెట్టబడదు. నియోడిమియం పొడిని ఒక దిశలో అయస్కాంతీకరిస్తే బయటి ధ్రువం మార్చి లాగవచ్చు, నెట్టవచ్చు. పొర రెండు వైపులా వంగుతుంది. ఈ తేడా ఎగ్జామినర్ చూపిన పత్రాల్లో లేకపోతే అది మీ చేతిలోని మంచి ఆయుధం. ఇదంతా మొదట దాఖలు చేసిన స్పెసిఫికేషన్‌లో (ఆవిష్కరణను వర్ణించే పత్రంలో) రాసి ఉంటేనే సుమా. పేటెంట్ల చట్టం 59వ సెక్షన్ ప్రకారం సవరించిన క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధిలోనే ఉండాలి, మొదట వెల్లడించని విషయాన్ని చేర్చకూడదు.

జవాబు రాసేటప్పుడు ఒక్కో పత్రాన్ని విడిగా ఖండించుకుంటూ పోకండి. ఎగ్జామినర్ కలిపి చదివారు, మీరూ కలిపి చదివి చూపండి: మొదటి పత్రంలోని పక్క గదులను తీసేసి రెండో పత్రంలోని అయస్కాంతాన్ని పెడితే ఏమవుతుంది? పొర ఎక్కడ పట్టుకుని లాగాలో ఆ పత్రాలు చెప్పవు, చెప్పినా పొర అంతా నల్లబడుతుంది. అక్కడి నుంచి మీ బొడిపెకు వెళ్లే దారి ఏ పత్రంలోనూ లేదని చూపాలి. 2(1)(జేఏ) క్లాజు ప్రకారం సాంకేతిక పురోగతి గానీ ఆర్థిక ప్రాముఖ్యం గానీ ఉండాలి, దానితో పాటు నిపుణుడికి తట్టనిదై ఉండాలి. చాలా జవాబులు పురోగతి గురించే పేజీలకు పేజీలు రాసి, రెండో షరతును ఒక్క వాక్యంతో వదిలేస్తాయి. తిరస్కరణలు అక్కడే వస్తాయి.

ప్రశ్న: "వివరణ చాలదు, నిపుణుడు దీన్ని తయారు చేయలేడు" అని అభ్యంతరం. మేం 10 శాతం సాగుదల, 0.2 హెర్ట్జ్ అని స్పష్టంగా రాశాం. పొర వ్యాసం 8 మి.మీ., మధ్య బొడిపె 4 మి.మీ., ఛానెళ్ల లోతు 200 మైక్రాన్లు. ఇంకేం కావాలి?
బయోటెక్ స్టార్టప్, విశాఖపట్నం

మీరు ఇచ్చిన అంకెలే ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఎగ్జామినర్ పట్టుకున్నది బహుశా ఇదే. బొడిపె అంచు నుంచి బిగించిన అంచు వరకు వలయం వెడల్పు 2 మి.మీ. బొడిపె కిందికి దిగినప్పుడు ఆ వలయం ఏటవాలు అవుతుంది. లంబకోణ త్రిభుజం లెక్క వేయండి: 2 మి.మీ. పొడవు 2.2 మి.మీ. కావాలంటే బొడిపె దాదాపు 0.92 మి.మీ. దిగాలి. మీ ఛానెల్ లోతు 0.2 మి.మీ. బొడిపె అడుగుకు తగిలే సరికి సాగుదల 0.5 శాతం దాటదు. బొడిపె మందం కూడా కిందివైపే ఉంటే ఇంకా తక్కువ.

ఒకవేళ బొడిపె కింద ఛానెల్‌ను ప్రత్యేకంగా లోతు చేసి ఉంటే, ఆ విషయం బొమ్మల్లో ఉంటే, మీకు దారి ఉంది: బొమ్మ నంబరు, భాగం నంబరు చూపి వివరించవచ్చు. లేకపోతే "200 మైక్రాన్లు" ఒక ఉదాహరణ మాత్రమే అని స్పెసిఫికేషన్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. రెండూ లేకపోతే 10 శాతం అంకెను క్లెయిమ్ నుంచి తీసేయడం తప్ప మార్గం తక్కువ.

ఇంకో మాట. ఆ 10 శాతం సగటు మాత్రమే. మధ్యలో పట్టి లాగిన పొరలో ఒత్తిడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. బొడిపె అంచు దగ్గర ఎక్కువ, బయటి అంచు దగ్గర తక్కువ. పైగా సాగేది ప్రధానంగా వ్యాసార్ధం దిశలో. పొర మీద చుక్కలు గుర్తుపెట్టి, కెమెరాతో కొలిచి, మూడు నాలుగు వ్యాసార్ధాల దగ్గర సాగుదలను పట్టికగా ఇస్తే ఈ అభ్యంతరం రాకుండానే పోతుంది.

కొత్తగా దాఖలు చేయబోయేవారు స్పెసిఫికేషన్‌లో తప్పక ఉంచాల్సినవి చెబుతాం. అయస్కాంతం గ్రేడు, కొలతలు, అయస్కాంతీకరణ దిశ. అయస్కాంతానికీ బొడిపెకూ మధ్య కనిష్ఠ, గరిష్ఠ దూరాలు. ఈ దూరం మీద మీ పరికరం మొత్తం ఆధారపడి ఉంటుంది. తమ కొలతల కన్నా చాలా దూరంలో ఉన్న రెండు చిన్న అయస్కాంతాల మధ్య బలం దూరం నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. దూరం రెట్టింపైతే బలం పదహారో వంతు. దగ్గరగా ఉన్నప్పుడు పతనం అంత తీవ్రంగా ఉండదు కానీ, చిప్ అడుగు గాజు 1 మి.మీ. ఉందా, 0.17 మి.మీ. కవర్‌స్లిప్ ఉందా అన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. కాబట్టి అడుగు మందం రాయాలి.

పొర పదార్థం పీడీఎంఎస్ (చిప్‌లకు వాడే సిలికాన్ రబ్బరు) అయితే మూల పదార్థానికీ గట్టిపరిచే ద్రవానికీ నిష్పత్తి (మామూలుగా బరువులో 10:1), ఉడికించిన ఉష్ణోగ్రత, సమయం, పొర మందం ఇవ్వండి. పది మైక్రాన్ల పొరను పైన చెప్పిన కొలతల్లో 10 శాతం సాగదీయడానికి సుమారు ఒకటి, ఒకటిన్నర గ్రాముల బరువంత బలం చాలు. యాభై మైక్రాన్లకు దానికి అయిదింతలు కావాలి. మందం చెప్పని స్పెసిఫికేషన్‌లో బలం లెక్క తేలదు. పొడి కణాల పరిమాణం, బరువు శాతం కూడా అవసరమే. గట్టిపడేలోపు పొడి కిందికి దిగిపోతుంది, బొడిపె అడుగు బరువుగా పైభాగం తేలికగా తయారవుతుంది. దాన్ని ఎలా ఆపారో లేక ఎలా వాడుకున్నారో రాయండి.

నియోడిమియం ఉప్పు ద్రవంలో తుప్పు పడుతుంది, కణాలు పెరిగే ద్రవం ఉప్పు ద్రవమే. పారిలీన్ అనే పలుచని ప్లాస్టిక్ పూతో, మరో సిలికాన్ పొరో ఏది వేశారో, ఎంత మందమో చెప్పండి. క్రిమిరహితం చేసే పద్ధతి మరిచిపోకండి. మామూలు గ్రేడు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీల వరకే తట్టుకుంటుంది, ఆవిరి పీడనంతో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు. "ఆటోక్లేవ్ చేసిన చిప్" అని ఒకచోట, "నియోడిమియం" అని మరోచోట రాసి ఉంటే ఎగ్జామినర్‌కు ఆ వైరుధ్యం తెలుస్తుంది. ఇథిలీన్ ఆక్సైడో, ఆల్కహాల్‌తో పాటు అల్ట్రావయొలెట్ కాంతో వాడినట్టయితే అలాగే రాయాలి. ఎక్కువ వేడి తట్టుకునే సమేరియం కోబాల్ట్ వాడి ఉంటే అదీ చెప్పాలి.

చట్టం 10వ సెక్షన్ మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని వెల్లడించమంటుంది. కీలకమైన పొడి శాతాన్ని దాచుకుని పేటెంట్ అడగడం న్యాయం కాదు, మంజూరయ్యాక కూడా ఆ లోపం పేటెంట్‌ను రద్దు చేయించగలదు.

ప్రశ్న: మాది అయస్కాంత రోటర్ పంపుతో ద్రవాన్ని తిప్పే చిప్. "గోడ మీద కోత ఒత్తిడి 0.1 నుంచి 100 డైన్లు" అని క్లెయిమ్ చేశాం. పరిధి మరీ వెడల్పుగా ఉందంటున్నారు.
మెకానికల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు, వరంగల్

అభ్యంతరం సరైనదే. మీ ఛానెల్ వెడల్పు 1 మి.మీ., ఎత్తు 0.2 మి.మీ., ప్రవాహం నిమిషానికి 100 మైక్రోలీటర్లు అని ఉదాహరణలో ఇచ్చారు. కోత ఒత్తిడి అంటే పారే ద్రవం గోడను ఒరుసుకుంటూ కలిగించే ఒత్తిడి. స్నిగ్ధతను (ద్రవం చిక్కదనాన్ని) ప్రవాహంతోనూ ఆరుతోనూ గుణించి, వెడల్పును ఎత్తు వర్గంతో గుణించగా వచ్చినదానితో భాగిస్తే అది వస్తుంది. 37 డిగ్రీల వద్ద పోషక ద్రవం స్నిగ్ధత సుమారు 0.7 మిల్లీపాస్కల్ సెకను అనుకుంటే 0.175 పాస్కల్ వస్తుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 1.75 డైన్లు. అదే ఛానెల్‌లో 100 డైన్లు కావాలంటే నిమిషానికి 5.7 మిల్లీలీటర్లు పారాలి. 20 మి.మీ. పొడవు ఛానెల్‌లో దానికి దాదాపు 2000 పాస్కల్ ఒత్తిడి తేడా కావాలి, అంటే 20 సెంటీమీటర్ల నీటి స్తంభమంత. మీ చిన్న రోటర్ అంత ఇస్తుందని చూపే కొలత స్పెసిఫికేషన్‌లో లేదు. బయటి అయస్కాంతం వేగం పెంచుతూ పోతే ఒకచోట రోటర్ దానితో కలిసి తిరగలేక ఆగి వణుకుతుంది కూడా. ఆ వేగం ఎంతో మీరు కొలిచి ఉంటారు, అదే మీ పరిధికి సహజమైన పైహద్దు. ఎత్తు 0.1 మి.మీ. చేసిన రెండో ఉదాహరణలో అదే ప్రవాహానికి 7 డైన్లు వస్తాయి. ఈ రెండు ఉదాహరణలూ మోయగలిగినంత వరకే పరిధిని తగ్గించండి.

ప్రశ్న: దాఖలు చేసే ముందు మేం ఏం వెతకాలి? గూగుల్‌లో వెతికితే వేల పత్రాలు వస్తున్నాయి.
ఎంటెక్ విద్యార్థి, తిరుపతి

మాటలతో కాక వర్గీకరణ సంకేతాలతో వెతకండి. కణాలు పెంచే ఉపకరణాల వర్గం సీ12ఎం. అందులో 23/16 మైక్రో ఛానెల్ పరికరాలకు, 35/04 సాగదీత, ఒత్తిడి, కోత లాంటి యాంత్రిక ప్రేరణకు, 35/06 అయస్కాంత ప్రేరణకు, 21/08 కృత్రిమ కణజాలాల బయోరియాక్టర్లకు. సూక్ష్మ ద్రవ పరికరాలు బీ01ఎల్ 3/5027లో ఉంటాయి. అయస్కాంత బలంతో ద్రవాన్ని కదిపేవి బీ01ఎల్ 2400/043లో. ఈ సంకేతాలను ఒకదానితో ఒకటి కలిపి వెతికితే వేల పత్రాలు పరిమితమైన గుట్టగా మారతాయి. యూరప్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాస్‌నెట్‌లో ఇది ఉచితం.

చాలామంది అవయవ చిప్‌ల దగ్గరే ఆగిపోతారు. ఎగ్జామినర్ ఆగరు. అయస్కాంతంతో వంగే పొర గల డయాఫ్రం పంపులు ఎఫ్04బీ 43లో, ద్రవాలను అయస్కాంతంతో కలిపే సాధనాలు బీ01ఎఫ్ 33/45లో ఉంటాయి. కణాలతో సంబంధం లేని పాత పంపు పేటెంట్ ఒకటి మీ బొడిపెను అచ్చంగా చూపించవచ్చు. దొరికిన పత్రంలో క్లెయిమ్‌లు చదివి వదిలేయకండి, వర్ణన చివర "గాలి ఒత్తిడికి బదులు విద్యుత్, అయస్కాంత చోదకాలనూ వాడవచ్చు" లాంటి వాక్యం ఉందేమో చూడండి. ఆ ఒక్క వాక్యం విశాలమైన క్లెయిమ్‌ను కూలదోస్తుంది, నిర్మాణం వివరంగా చెప్పిన ఇరుకైన క్లెయిమ్‌ను మాత్రం ఏమీ చేయలేదు.

ప్రశ్న: సెక్షన్ 3(ఎఫ్), 3(ఐ), 3(జే) మూడూ వేశారు. మనిషి కణాలు వాడటమే తప్పా?
పరిశోధకురాలు, బెంగళూరు

తప్పు కాదు. మూడింటికీ వేర్వేరు మందులు.

3(జే) జంతువులను, వాటి భాగాలను మినహాయిస్తుంది. మీ పరికరం క్లెయిమ్‌లో "పొర మీద పెరిగిన మానవ ఊపిరితిత్తి కణజాలం" ఒక భాగంగా ఉంది. దాన్ని "కణాలు ఆనుకోవడానికి కొల్లాజెన్ పూత గల ఉపరితలం" అని మార్చండి. కణాలను పద్ధతి క్లెయిమ్‌లో ఉంచండి.

3(ఐ) మనుషులకూ జంతువులకూ చేసే చికిత్స, రోగనిర్ధారణ ప్రక్రియల గురించి. చిప్‌లో మందు విషప్రభావాన్ని కొలవడం ఎవరి శరీరానికీ చేసే చికిత్స కాదు, ఎవరి రోగాన్నీ నిర్ధారించడం కాదు. ఆ మాటనే సూటిగా రాయండి. ఇందులోని రోగనిర్ధారణ అన్న పదాన్ని పరిమితంగా చదవాలని మద్రాస్ హైకోర్టు 2023లో చైనీస్ యూనివర్సిటీ ఆఫ్ హాంకాంగ్ కేసులో చెప్పింది, అది మీకు ఉపయోగపడుతుంది. అయితే "రోగి కణాలతో చిప్ నడిపి ఆ రోగికి తగిన మందు ఎంచుకునే పద్ధతి" అన్న ఉప క్లెయిమ్ మీ దరఖాస్తులో ఉంటే దాన్ని వదులుకోవడమే మంచిది.

3(ఎఫ్) తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చి, ఒక్కోటి దాని పాత పని అది చేసుకుంటూ పోతే వర్తిస్తుంది. ఇక్కడ భాగాలు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడ్డాయో చూపాలి: బొడిపె వ్యాసం వలయం వెడల్పును, వలయం వెడల్పు ప్రయాణ దూరాన్ని, ప్రయాణ దూరం ఛానెల్ లోతును, ఆ లోతు అయస్కాంతం దూరాన్ని నిర్ణయిస్తున్నాయి. ఒకటి మారితే మిగిలినవన్నీ మారాలి.

ఏ549, కాకో-2 లాంటి అందరికీ దొరికే కణాలైతే వాటి నమూనాను నిల్వ కేంద్రంలో డిపాజిట్ చేయాల్సిన అవసరం లేదు, ఎక్కడి నుంచి తెచ్చారో రాస్తే సరిపోతుంది. మనిషి జన్యు పదార్థం జీవవైవిధ్య చట్టంలోకి రాదు. మన దేశంలో సేకరించిన జంతు కణాలైతే మాత్రం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య సంస్థ నిబంధనలు చూసుకోవాలి.

ప్రశ్న: సదస్సులో పోస్టర్ పెట్టాను. సిద్ధాంత గ్రంథం కూడా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంది. ఆలస్యమైపోయిందా?
పీహెచ్‌డీ విద్యార్థి, అనంతపురం

తేదీలు తీయండి. 31వ సెక్షన్ ఇచ్చే 12 నెలల వెసులుబాటు ఇరుకైనది: కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శన, విద్వత్సభలో చదివిన పత్రం, ఆ సభ ప్రచురించిన సంపుటం లాంటివాటికే. వెబ్‌సైట్‌లో పెట్టిన సిద్ధాంత గ్రంథానికి అది వర్తిస్తుందని నమ్ముకోవద్దు. పోస్టర్‌లో ఏముందో కచ్చితంగా చూడండి. అందులో చిప్ ఫొటో, కణాల చిత్రాలే ఉండి బొడిపె నిర్మాణం, అయస్కాంతీకరణ దిశ లేకపోతే అవి ఇంకా బయటపడనట్టే. వాటి మీద క్లెయిమ్ రాయవచ్చు. గ్రంథంలో అన్నీ ఉంటే, ఆ తర్వాత చేసిన మెరుగుదల మీదే దరఖాస్తు పెట్టాలి. ఇంకా అప్‌లోడ్ కాని గ్రంథమైతే ఈ వారమే ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) దాఖలు చేయండి. పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలలు ఉంటుంది. ప్రొవిజనల్‌లో లేని విషయానికి పాత తేదీ దక్కదు కనుక దాన్ని ఒక పేజీ కాగితంలా కాక, కొలతలతో సహా పూర్తిగా రాయండి.

ప్రశ్న: చిప్, దాన్ని కదిపే అయస్కాంత పీఠం, పరీక్షా పద్ధతి మూడూ ఒకే దరఖాస్తులో పెట్టవచ్చా?
స్టార్టప్ వ్యవస్థాపకుడు, హైదరాబాద్

మూడింటినీ కలిపే ఒకే ఆవిష్కరణ భావం ఉంటే పెట్టవచ్చు. బొడిపె, దానికి సరిపోయే అయస్కాంతం ఆ ముడి. పీఠంలో మీరు పక్క గుంటలకు క్షేత్రం పాకకుండా మెత్తటి ఇనుప తొడుగు పెట్టారన్నారు. అది బొడిపెతో సంబంధం లేని వేరే ఉపాయం. దాన్ని విడదీయమని అడుగుతారు, అప్పుడు 16వ సెక్షన్ కింద డివిజనల్ (విడదీసిన దరఖాస్తు) వేసుకోవచ్చు, మొదటి తేదీయే వర్తిస్తుంది. అసలు దరఖాస్తు మంజూరయ్యేలోపే వేయాలి.

వ్యాపారం దృష్టితో ఒక సలహా. చిప్ ఒక్కసారి వాడి పారేసేది, పీఠం ఏళ్ల తరబడి ఉండేది. "చిప్ మరియు అయస్కాంతం గల వ్యవస్థ" అని ఒకే క్లెయిమ్ ఉంటే, మీ పీఠానికి సరిపోయే చిప్‌లు మాత్రమే తయారు చేసి అమ్మేవాడు "నేను అయస్కాంతం అమ్మడం లేదు" అంటాడు. చిప్‌కు విడిగా స్వతంత్ర క్లెయిమ్, పీఠానికి విడిగా, రెండూ కలిసిన వ్యవస్థకు విడిగా రాయించండి. "ఉపయోగం" అనే రూపంలో ఉన్న క్లెయిమ్‌లు యూరప్‌లో చెల్లుతాయి గానీ ఇక్కడ చెల్లవు. వాటిని పద్ధతి క్లెయిమ్‌లుగా మార్చాలి.

ప్రశ్న: మందుల పరీక్షలో చిప్‌లను ప్రభుత్వం గుర్తించింది కదా, అది పేటెంట్‌కు సాయమా?
ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు

2023లో సవరించిన కొత్త మందుల నిబంధనలు జంతువులు లేని పద్ధతుల్లో అవయవ చిప్‌లనూ చేర్చాయి. అమెరికాలో 2022 డిసెంబరులో అలాంటి చట్టమే వచ్చింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఇంక్యుబేటర్ వద్ద ఇందుకోసం ఒక కేంద్రమే నడుస్తోంది. ఇవి పారిశ్రామిక వినియోగం, ఆర్థిక ప్రాముఖ్యం చూపడానికి పనికొస్తాయి. కొత్తదనానికి గానీ, తట్టనిదనడానికి గానీ ఇసుమంత కూడా సాయపడవు.

ప్రశ్న: జవాబుకు ఎంత గడువు? దాఖలు చేశాక చేసిన ప్రయోగాల ఫలితాలు ఇప్పుడు ఇవ్వవచ్చా? ఖర్చెంత?
కాలేజీ పేటెంట్ విభాగం, విజయవాడ

నివేదిక ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలు. ఫారం 4తో మూడు నెలలు పొడిగింపు అడగవచ్చు, ఆరు నెలలు దాటకముందే. విదేశాల్లో దాఖలు చేసిన వివరాల ఫారం 3ని మాత్రం మూడు నెలల్లోనే ఇవ్వాలి, దీన్ని చాలామంది మరిచిపోతున్నారు.

కొత్త ఫలితాలను స్పెసిఫికేషన్‌లో చేర్చలేరు. కానీ మొదట చెప్పుకున్న ప్రభావం నిజమేనని రుజువు చేసే సాక్ష్యంగా ప్రమాణపత్రంతో ఇవ్వవచ్చు. "పారదర్శక వలయం వల్ల కదులుతున్నప్పుడే కణాలను చూడవచ్చు" అని మొదట రాసి ఉంటే, ఇప్పుడు పొర మొత్తానికి పొడి కలిపిన చిప్‌తో పోల్చిన చిత్రాలు ఇవ్వండి. ఒక నియంత్రణ ప్రయోగం తప్పక చేర్చండి: పొడి లేని బొడిపె గల చిప్ కింద అదే అయస్కాంతం, అదే లయలో. కణాల మార్పు సాగదీత వల్ల వచ్చిందా, అయస్కాంత క్షేత్రం వల్లా అన్న ప్రశ్నకు అదొక్కటే జవాబు. లేకుంటే ప్రత్యర్థులు ఆ ప్రశ్నను మంజూరుకు ముందే లేవనెత్తగలరు.

జవాబుతో తేలకపోతే, పేటెంట్ ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి అయిన కంట్రోలర్ వీడియో విచారణకు పిలుస్తారు. ఆ తర్వాత లిఖిత వాదనలకు 15 రోజులే. తిరస్కరిస్తే మూడు నెలల్లో హైకోర్టుకు అప్పీలు. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోవి కనుక అది మద్రాస్ హైకోర్టులో.

రుసుములు ఆన్‌లైన్‌లో, ఫారం 28తో రాయితీ పొందిన విద్యాసంస్థకు: దాఖలుకు 1600 రూపాయలు, పరీక్ష కోరే ఫారం 18కి 4000. ముప్పై పేజీలు, పది క్లెయిమ్‌లు దాటితే అదనంగా పేజీకి 160, క్లెయిమ్‌కు 320. పరీక్ష కోరే గడువు 2024 మార్చి 15 నుంచి దాఖలైనవాటికి 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గింది. పాత అలవాటులో ఉన్న విభాగాలు ఈ తేదీని గోడ మీద రాసుకోవాలి, గడువు దాటితే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే లెక్క.

ప్రశ్న: అమెరికాలో పరిశోధన చేస్తున్న మా అన్నయ్యా, నేనూ కలిసి కనిపెట్టాం. ముందు అక్కడ దాఖలు చేయవచ్చా?
ఇంజినీరు, హైదరాబాద్

మీరు భారతదేశంలో నివసిస్తున్నారు కనుక 39వ సెక్షన్ వర్తిస్తుంది. ముందు ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ఫారం 25తో అనుమతి తీసుకోవాలి. దీన్ని దాటితే దరఖాస్తు వదిలేసినట్టు పరిగణిస్తారు, శిక్ష కూడా ఉంది. మీ అన్నయ్య గారి వైపు నుంచి అమెరికా నియమం కూడా చూసుకోవాలి: అక్కడ జరిగిన ఆవిష్కరణను బయట దాఖలు చేయడానికి అక్కడి అనుమతి కావాలి. రెండు అనుమతులూ ముందే తీసుకోవడం సురక్షితం.

సొంతంగా బయటపెట్టిన విషయానికి అమెరికా ఏడాది వెసులుబాటు ఇస్తుంది. యూరప్ ఇవ్వదు, ఒక్క పోస్టర్ చాలు. సవరణల విషయంలోనూ యూరప్ అతి కఠినం: ఒక ఉదాహరణలోని కొలతను దాని చుట్టూ ఉన్న మిగతా కొలతలు వదిలి విడిగా క్లెయిమ్‌లోకి తెస్తే ఒప్పుకోరు. అమెరికాలో "కదిపేందుకు ఏర్పరచిన అయస్కాంత మాడ్యూల్" లాంటి పదాలు వాడితే, ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2015లో విలియమ్సన్ కేసులో చెప్పిన దాని ప్రకారం, ఆ మాటను స్పెసిఫికేషన్‌లో చూపిన నిర్మాణానికీ దాని సమానాలకూ కుదించి చదవవచ్చు. "శాశ్వత అయస్కాంతం, దాన్ని పైకీ కిందికీ నడిపే మరతో" అని నిర్మాణాన్నే రాస్తే మూడు చోట్లా పనికొస్తుంది. ఒకే అంతర్జాతీయ దరఖాస్తుతో పలు దేశాల్లో పేటెంట్ కోరే పీసీటీ ఒప్పందం దారిలో వెళితే మొదటి తేదీ నుంచి అమెరికాకు 30 నెలలు, యూరప్‌కు, మన దేశానికి 31 నెలలు.